ముందు పుట్టిన పాప

అమీర్‌పేట,
2025 జూలై 3, గురువారం.

మంజూ,

అక్క దీవెనలు. ఇబాదాన్‌లో వానలు దంచి కొడుతున్నాయని ప్రమోద్ గారు మీ బావగారితో అన్నారట. ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లోకి నీళ్ళు రావడం లేదు కదా?

ఫోను చేతిలో పెట్టుకుని ఇలా కాగితాల మీద రాసి, ఫొటో తీసి పంపుతోందేమిటని నవ్వుకోకు. మా ఇల్లు నీకు తెలిసిందే, రెండు గదులు. లోపలి గదిలో బాలింత రవళి పడుకుని ఉంటుంది. నేను వంటింట్లో గొణిగినా దానికి వినపడుతుంది. ఇది దాని చెవిన పడకూడని సంగతి.

నా మనవరాళ్ళు మొన్న మంగళవారం ఇంటికి వచ్చారు. ఏడో నెల దాటగానే పుట్టేశారు కదా, ఇరవై తొమ్మిది రోజులు పంజాగుట్ట ఆసుపత్రిలో అద్దాల గదిలోనే పెరిగారు. ఇప్పటికీ ఒక్కొక్కతె నా మోచేతి అంత లేదు. ఒకే మావి పంచుకున్న పిల్లలని డాక్టరమ్మ చెప్పింది. ముక్కూ మూతీ అచ్చు గుద్దినట్టే ఉన్నాయి. చూడ్డానికి మెట్ల మీద జనం. మేడ మీద హాస్టల్లో ఉంటూ మైత్రీవనంలో కోచింగుకి వెళ్ళే అమ్మాయిలు మాస్కులు కట్టుకుని మరీ వచ్చారు. అందులో సుష్మిత అనే పిల్ల ఫోన్లో చూసి చెప్పింది: "ఆంటీ, మన దేశంలో వెయ్యి కాన్పుల్లో ఎనిమిదో తొమ్మిదో కవల కాన్పులంట. గిట్ల ఒక్క తీరుగ ఉండేటోళ్ళయితే వెయ్యిట్ల మూడో నాలుగో అంతే. మీరు మస్తు లక్కీ ఆంటీ!" నిజమే. మా వీధిలో నలభై ఏళ్ళుగా ఉన్నవాళ్ళు కూడా కవలల్ని ఎత్తుకోలేదట. అందుకే వీళ్ళ విషయంలో ఏది ఎలా చేయాలో చెప్పేవాళ్ళే లేరు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ఒక చిన్న చర్చ జరిగింది. మా వియ్యపురాలు చిలకమ్మగారు బోరబండ నుంచి వచ్చి, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ముందుగాల బయటికొచ్చిందే పెద్దది గద వదినె?" అన్నారు. నేను మెల్లగా చెప్పాను. మన గుళ్ళో పురాణం చెప్పే శాస్త్రిగారు ఎప్పుడో వివరించారు: కడుపులో ముందు చేరిన బిడ్డ లోపలికి ఉంటుంది, వెనక చేరింది వాకిట్లో ఉంటుంది. కాబట్టి వాకిట్లోది ముందు బయటికి వస్తుంది. వెనక పుట్టినదే అసలు పెద్దది. ఆవిడ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, "గంత లోతు నాకేం ఎరుక, మీరు సదువుకున్నోళ్ళు" అన్నారు. నేను చదివింది ఇంటరు. సరే, స్నానం చేయించేటప్పుడు ఆసుపత్రి వాళ్ళు కాళ్ళకు కట్టిన పట్టీలు కత్తిరించేసి, వెనక పుట్టిన పాప కాలికి నల్లతాడు కట్టాను. పెద్దదని గుర్తు.

ఇక అసలు సంగతి. నెలలు తక్కువ పిల్లలకి కంటి వెనక నరాలు సరిగా పెరగవట. అశ్రద్ధ చేస్తే చూపే పోతుందట. ఇంటికి పంపేముందు ఇద్దరి కళ్ళూ చూశారు. ఫైలంతా ఇంగ్లీషు. అల్లుడు చింటు చదివి, సనత్‌నగర్ పంపుల ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేసి చెప్పాడు. "అత్తమ్మా, పెద్ద పాప కండ్లు జర ఫికర్ చెయ్యాల్సినట్టే ఉన్నయంట. వారంల మళ్ళ సూపెట్టాలె. చిన్నదానికి మూడు వారాలకు పోతే చాలంట. రవళికి జెప్పకున్రి, బీపీ మళ్ళ పెరుగుతది." నెల రోజులు ఆసుపత్రి చుట్టూ తిరిగి అతని సెలవులన్నీ అయిపోయాయి. నేనే తీసుకువెళ్ళాలి, సోమవారం. రోజూ సహస్రనామం చదువుకుంటున్నాను. నువ్వూ ఒక దండం పెట్టు.

మీ ఊళ్ళో సందుకో కవల జంట ఉంటుందన్నావు కదా. దేవుడు అక్కడ అంత గుమ్మరించి నీ ఒడి ఒక్కటీ మరిచిపోయాడే అని దీపం ముందు ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకున్నానో. రోజూ ఆ పిల్లల మధ్య తిరుగుతూ ఎలా తట్టుకుంటున్నావో తల్లీ. అన్నట్టు, అక్కడివాళ్ళు కవలల్లో పెద్ద అని ఎవరిని అంటారో కనుక్కుని రాయి. చిలకమ్మగారికి చూపిస్తాను.

నీ అక్క
కుసుమ

*

ఇబాదాన్,
జూలై 5.

అక్కా,

పిల్లలు ఇంటికి చేరినందుకు సంతోషం. కళ్ళ పరీక్ష సవ్యంగా జరగాలి. ఇక్కడ పని ఎక్కువగా ఉంది. నువ్వు అడిగింది తీరిక దొరికినప్పుడు కనుక్కుంటాను.

మంజూష

*

అమీర్‌పేట,
జూలై 8, మంగళవారం.

మంజూ,

నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావేమిటే? ఒంట్లో బాగా లేదా? ప్రమోద్ గారితో ఏమైనా మాటపట్టింపా? అడిగితే దాస్తావని నాకు తెలుసు. అయినా ఈ ఉత్తరం చదివాక నీ మొహం విచ్చుకోవాలి.

నిన్న కళ్ళ ఆసుపత్రికి వెళ్ళాం. నేనూ, చిలకమ్మగారూ, నల్లతాడు పాపా. చిన్నదాన్ని మీ బావగారి దగ్గర వదిలాం. ఆయన జిరాక్స్ షాపు మధ్యాహ్నం దాకా మూసి ఇంట్లో కూర్చున్నారు. రవళితో టీకాకని చెప్పాను. అబద్ధమే. అమ్మవారు క్షమిస్తుందిలే అనుకున్నాను.

చీరకొంగులో పాపను చుట్టుకుని నాలుగు గంటలు కూర్చున్నాం. ఎంతమంది తల్లులో! ఒక కంటికి ప్లాస్టరు వేసిన బిడ్డ ఒకతె పాలకోసం వెతుక్కుంటోంది. పేరు పిలిచారు. లోపల కళ్ళ డాక్టరు చిన్న వయసు అమ్మాయి, ఫైలు తిప్పి "ట్విన్ వన్ కదమ్మా?" అంది. "అవునండీ, పెద్ద పాప" అన్నాను. కళ్ళలో మందు వేసి, రెప్పలకు క్లిప్పు పెట్టి, తల మీద దీపం కట్టుకుని చూసింది. పాప గిలగిల్లాడిపోయింది. నేను కళ్ళు మూసుకుని నామాలు చెప్పుకుంటున్నాను. తరవాత ఆ అమ్మాయి ఫైలు మళ్ళీ చూసింది, పాపను మళ్ళీ చూసింది. "వారం కిందట రాసినదానికీ ఇప్పటికీ చాలా మెరుగ్గా ఉందండీ. ఇంత తొందరగా తగ్గడం తక్కువే. మూడు వారాల తరవాత ఇద్దరినీ తీసుకురండి" అంది.

మంజూ, నా మొక్కు వృథా పోలేదు. వచ్చే దారిలోనే గుళ్ళో కొబ్బరికాయ కొట్టాను. సాయంత్రం మేడ మీద అమ్మాయిలందరికీ చక్రపొంగలి పెట్టాను.

ఒక్క చిలకమ్మగారే ముభావంగా ఉన్నారు. ఇంట్లో బయలుదేరేటప్పుడు కూడా, "గీ పిల్లనా వదినె తీస్కపోయేది?" అని గుమ్మంలో నిలబడిపోయారు. అవునండీ, పెద్దదాన్నే కదా చూపించమన్నారు, అని నవ్వుతూ చెప్పాను. పొంగలి కూడా ముట్టలేదు. ఆవిడ బల్కంపేట ఎల్లమ్మకు బోనం మొక్కుకున్నారట. ఆవిడ మొక్కు తీరకముందే నా మొక్కు ఫలించిందని మనసు కష్టపెట్టుకున్నారేమో. మనుషులకి ఇలాంటివి ఉంటాయి. నేను పట్టించుకోలేదు.

నువ్వు మాత్రం పెద్ద ఉత్తరం రాయి.

కుసుమక్క

*

ఇబాదాన్,
జూలై 13, ఆదివారం.

అక్కా,

ఈ ఉత్తరం పది రోజులుగా మనసులో రాస్తూ కొట్టేస్తూ ఉన్నాను. దాచుకుంటే కుళ్ళిపోతుంది కాబట్టి రాస్తున్నాను.

నీ మొదటి ఉత్తరం చదివి నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "ఎలా తట్టుకుంటున్నావో తల్లీ" అన్నావు. నేను తట్టుకోవడం లేదక్కా, బతుకుతున్నాను. పొద్దున్న బడికి వెళ్ళి నలభైమంది పిల్లలకి బొమ్మలు గీయడం నేర్పుతాను. సాయంత్రం వాళ్ళ తల్లులు నాకు వేయించిన అరటికాయ ముక్కలు తెచ్చి పెడతారు. నాకు నలభై నాలుగేళ్ళు. నా ఒడి గురించి నేనే ఏడవడం మానేసి పదేళ్ళయింది. నువ్వింకా మానలేదు. నువ్వు అరవవు, తిట్టవు, పూలతో కొట్టినట్టు చెప్తావు. ఎదురు మాట్లాడితే నేనే గయ్యాళిని అవుతాను. చిన్నప్పటినుంచీ అంతే.

సరే. కక్కేశాను. ఇప్పుడు నువ్వడిగింది.

మా పక్కింటావిడ ఇక్కడి ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. ఆవిడ సొంత పేరు నాకు ఏడాదిదాకా తెలియదు. అందరూ "ఇయా ఇబేజీ" అంటారు. కవలల తల్లి అని అర్థం. కవలల్ని కన్న ప్రతి ఆడదాన్నీ ఇక్కడ అలాగే పిలుస్తారు, అంత గౌరవం. ఈ యోరుబా వాళ్ళలో వెయ్యి కాన్పులకి నలభై దాకా కవల కాన్పులేనట. మనకంటే నాలుగైదు రెట్లు. ఎందుకో ఖచ్చితంగా ఎవరికీ తెలియదు. పెండలం దుంపలు తినడం వల్లని కొందరంటారు, తల్లివైపు రక్తంలోనే ఉందని కొందరంటారు. ఆవిడ మాత్రం "మాకు దేవుడి దగ్గర లెక్క రాదు, ఒకరిని అడిగితే ఇద్దర్ని ఇస్తాడు" అని పకపకా నవ్వుతుంది. కాని అక్కా, ఒక వింత. వీళ్ళలో ఎక్కువమంది వేరు వేరు పోలికల కవలలే. ఆవిడ పిల్లలైతే ఒకడు పొడుగు, ఒకతె పొట్టి. మన పాపల్లాంటి ఒకే పోలిక పిల్లలు ఇక్కడా వెయ్యికి మూడు నాలుగేనట. ఆ లెక్క భూమి మీద ఎక్కడైనా ఇంచుమించు అంతేనట.

పెద్ద ఎవరని కదా? నీ శాస్త్రిగారు ఇక్కడికి వచ్చి వెళ్ళారేమో అనిపించింది! వీళ్ళకీ వెనక పుట్టినవాళ్ళే పెద్ద. ముందు పుట్టిన బిడ్డకి తైవో అని, వెనక పుట్టిన బిడ్డకి కెహిందే అని పేర్లు పుట్టకముందే సిద్ధంగా ఉంటాయి. ఆడైనా మగైనా అవే పేర్లు. "లోకం ఎలా ఉందో చూసి రా పో" అని పెద్దది చిన్నదాన్ని ముందు పంపుతుందట. చిన్నది ఏడ్చి కబురు చెప్పాక పెద్దది తీరిగ్గా బయలుదేరుతుంది. పిల్లల కోసం బొబ్బర్లు ఉడికించి వాడంతా పంచుతారు. నిన్న నాకూ ఒక గిన్నె వచ్చింది.

కాబట్టి నువ్వే గెలిచావు. చిలకమ్మగారికి చూపించుకో.

జూలై 14, పొద్దున్న.

అక్కా, ఉత్తరం పంపేలోపు ఇయా ఇబేజీ డ్యూటీకి వెళుతూ వచ్చింది. మన పాపల గురించి సంతోషంగా చెప్పాను. కళ్ళు, ఫైలు, నల్లతాడు, అన్నీ. ఆవిడ నవ్వడం ఆపేసి ఒక్కటే అడిగింది: "మీ అక్క డాక్టరు దగ్గరికి ఎవర్ని తీసుకెళ్ళింది?" పెద్దదాన్ని అన్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. ఇంట్లో పెద్దరికం ఎవరికిచ్చినా ఇవ్వండి, ప్రసవం గదిలో ముందు బయటికి వచ్చిన బిడ్డే ఒకటి, వెనక వచ్చింది రెండు, ఏ దేశంలోనైనా అంతే, అంది. ఇక్కడ తైవో, కెహిందే అని పేర్లున్నాయి కాబట్టి ఎవరూ తికమకపడరట.

అక్కా, చింటు పెద్ద పాప అన్నది ముందు పుట్టినదాన్ని. నువ్వు తీసుకెళ్ళింది వెనక పుట్టినదాన్ని. డాక్టరు ఆశ్చర్యపోయిందన్నావు కదా, అది జబ్బు తగ్గిన కన్ను కాదు. అది అసలు జబ్బే లేని కన్ను.

ఆరుసార్లు ఫోన్ చేశాను. స్విచాఫ్. పిల్లలు పడుకున్నారని కట్టేసుంటావు. బావగారిదీ ఎత్తడం లేదు. చింటు నంబరు నా దగ్గర లేదు. ఇది చూడగానే, ఆ రోజు ఇంట్లో ఉంచిన పాపను తీసుకుని పరుగెత్తు.

*

జూలై 14, సాయంత్రం అయిదు.
కళ్ళ ఆసుపత్రి, పంజాగుట్ట.

మంజూ,

మందుల చీటీ వెనక రాస్తున్నాను. మూడింటికి ఫోను తెరిచి నీ ఉత్తరం చూశాను. ఫైలు తీశాను. ట్విన్ వన్ పక్కన పుట్టిన సమయం వేసి ఉంది, 9.42. ట్విన్ టూ 9.44. ఇన్నాళ్ళూ ఆ అంకెలు నా బీరువాలోనే ఉన్నాయి.

పాపను లోపలికి తీసుకువెళ్ళారు. వెంటనే లేజర్ చేయాలన్నారు. రవళి కుట్ల నొప్పితోనే వచ్చింది. గోడకి ఆనుకుని నిలబడింది, నా పక్కన కూర్చోవడం లేదు. నాకు నామాలు గుర్తు రావడం లేదు మంజూ. ఒక్కటీ రావడం లేదు.

*

ఇబాదాన్,
జూలై 15.

అక్కా,

ఏమైందో ఒక్క ముక్క రాయి. నీ ప్రశ్న నా దగ్గరికి జూలై మూడునే వచ్చింది. పక్కింటి తలుపు కొట్టి అడిగితే అయిదు నిమిషాలు పట్టేది. నేను అలిగి పది రోజులు కూర్చున్నాను. నల్లతాడు కట్టింది నువ్వు, ఆ ముడి విప్పకుండా ఆపింది నేను. నువ్వొక్కదానివే మొయ్యకు.

ప్రమోద్ పొద్దున్నుంచి టీ పెట్టి ఇస్తూనే ఉన్నాడు. ఇయా ఇబేజీ చర్చిలో మన పాప కోసం ప్రార్థన చేయించింది. పాప పేరేమిటని అక్కడివాళ్ళు అడిగారట. ఇంకా పెట్టలేదన్నాను. "తైవో అని చెప్పాను, ముందు వచ్చింది కదా" అంది.

మంజు

*

అమీర్‌పేట,
జూలై 20, ఆదివారం.

మంజూ,

పాప బాగానే ఉంది. ముందు ఆ మాట రాశాక మిగతాది.

ఎడమకంటికి సమయానికి అందించామన్నారు. కుడికంటిలో వెనక పొర లాగడం మొదలైందట. లేజర్ చేశారు, ఇంకో వారం చూస్తారు. చూపు ఉంటుంది, ఎంత ఉంటుందో ఇప్పుడు చెప్పలేరు. డాక్టరమ్మ నన్ను ఏమీ అనలేదు. "మేమూ పుట్టిన సమయం అడిగి ఉండాల్సింది, ఇకమీదట అడుగుతాం" అంది. ఆ మంచితనం నాకు మరీ బరువైంది. నాలుగు తిట్లు తిడితే బాగుండేది.

ఆ రోజు ఎలా గడిచిందో నీకు చెప్పాలి, ఇంకెవరికీ చెప్పలేను. నీ ఉత్తరం చదివేసరికి చిలకమ్మగారు ఇంట్లోనే ఉన్నారు, ముందురోజు పెట్టిన బోనం ప్రసాదం తెచ్చారు. నేను ఫైలు పట్టుకుని నిలబడిపోయాను. ఆవిడే, "ఏమైంది వదినె, సెప్పుండ్రి" అన్నారు. చెప్పాను. అంతే, నల్లతాడు లేని పాపను గుడ్డలో చుట్టి భుజాన వేసుకుని, "నడువుండ్రి" అన్నారు. రవళి లోపలినుంచి అంతా వింది. గుమ్మం పట్టుకుని వచ్చి నిలబడింది. "ఏ కళ్ళమ్మా? నా పిల్లకి కళ్ళేమిటి?" అని అడిగింది. రెండు వారాలుగా దాచింది అక్కడే, వాకిట్లో, చెప్పులేసుకుంటూ చెప్పాల్సి వచ్చింది.

ఆటో అమీర్‌పేట చౌరస్తా దగ్గర మెట్రో కింద ఆగిపోయింది. ముందు బస్సులు, వెనక బస్సులు. కోచింగు వదిలిన పిల్లలు గుంపులుగా దాటుతున్నారు. రవళి ముందుకు వంగి ఆటో అతన్ని, "అన్నా, పోనీ అన్నా, చిన్నపిల్ల అన్నా" అని బతిమాలుతోంది. అతను బండి దిగి అడ్డమొచ్చిన స్కూటర్లని చేత్తో తోశాడు. అప్పుడు చిలకమ్మగారు పాప మెడ వెనక గుడ్డ తొలగించి నాకు చూపించారు. గింజంత ఎర్రమచ్చ.

"గీ మచ్చ పిల్లనే ముందుగాల తెచ్చి సూపెట్టిండ్రు నర్సమ్మలు. నువ్వు అప్పుడు గుడికి పోయినవ్. నేను తలుపు కాడనే ఉన్న."

అయిదేళ్ళలో మొదటిసారి నన్ను నువ్వు అన్నారు.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"సెప్పిన వదినె. గీ పిల్లనా తీస్కపోయేది అన్న. నువ్వు మెల్లగ నవ్వినవ్. గట్టిగ అరిచేటోళ్ళయితే నేను సుత అరిచేదాన్ని, బోరబండల నా నోటికి ఎవ్వరు ఎదురు రారు. మెల్లగ మాట్లాడేటోళ్ళకు ఎట్ల ఎదురు సెప్పాలె? నాకే తెల్వదనుకున్న. డాక్టరమ్మ మంచిగుందన్నది, ఇగ నాదే తప్పనుకున్న. గయినా పొంగలి గొంతు దిగలె."

నువ్వు రాసిన మాటే మంజూ. పూలతో కొట్టినట్టు అన్నావు. ఇద్దరు మనుషులు, ఒకరినొకరు చూడనివాళ్ళు, నా గురించి ఒకే మాట అన్నారు. ఆవిడ అసూయపడుతున్నారని నీకు రాశాను చూడు, ఆ కాగితం నీ దగ్గర ఉంటే తుడిచేయి.

లేజర్ గంటన్నర పట్టింది. చింటు ఫ్యాక్టరీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాడు. పెద్ద పాప అన్న మాట తన నోటినుంచే వచ్చిందని తల గోడకేసి కొట్టుకోబోతే వాళ్ళమ్మ పట్టుకుని, "నువ్వు సక్కగనే సెప్పినవ్ బిడ్డా" అన్నారు. నా వైపు చూడకుండానే అన్నారు.

రవళి నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటుంది. పాపకు నీళ్ళు పోయాలంటే అత్తగారిని పిలుస్తుంది. నేను నల్లతాడు తెంపేశాను. ఇప్పుడు ఇద్దరి కాళ్ళకీ ఆసుపత్రి పట్టీల్లాంటి గుడ్డముక్కలు కట్టి ఉన్నాయి, ఒకటి, రెండు అని మీ బావగారు స్కెచ్ పెన్నుతో రాశారు.

దీపం రోజూ పెడుతున్నాను. ఏమీ అడగడం లేదు. అడగడానికి మొహం లేదు. నీ ఒడి సంగతి ఎప్పుడూ ఎత్తను. ఎత్తినందుకు నీకు చెప్పుకోవాల్సిన మాట ఉంది కానీ, అది కాగితం మీద రాస్తే మళ్ళీ పూలదండలా తయారవుతుందేమోనని భయం. తప్పు చేశాను. అంతే.

అక్క

*

ఇబాదాన్,
జూలై 23.

అక్కా,

ఆ చివరి రెండు మాటలు చాలు. నేను పుట్టి బుద్ధెరిగాక నువ్వు రాసిన అతి చిన్న వాక్యాలు అవే.

రవళి కోపాన్ని తగ్గించాలని చూడకు. బుజ్జగించకు, పాయసాలు చేయకు. అది ఎంతకాలం అలిగితే అంతకాలం అలగనీ. నేను పది రోజులు అలిగాను, నువ్వు నన్ను ఒంట్లో బాగా లేదా అని అడిగావు. అలకని జబ్బనుకోవద్దు.

డిసెంబరులో ప్రమోద్‌కి సెలవు దొరికేలా ఉంది.

మంజు

*

అమీర్‌పేట,
ఆగస్టు 23, శనివారం.

మంజూ,

నిన్న శ్రావణ శుక్రవారం పిల్లల్ని ఉయ్యాలలో వేశాం. మా ఆచారంలో బారసాల, వాళ్ళ ఆచారంలో తొట్టెల, రెండూ ఒకేసారి అయిపోయాయి. బంధువులు కొద్దిమందే. మేడ మీద అమ్మాయిలు మాత్రం అందరూ దిగారు.

నీ మాట విని రవళిని బుజ్జగించలేదు. చాలా కష్టమైంది. రెండు వారాల కిందట కళ్ళ ఆసుపత్రికి బయలుదేరుతూ, చిలకమ్మగారు పాపను ఎత్తుకోబోతే అదే ఆపింది. "అమ్మని ఎత్తుకోనీ అత్తమ్మా" అంది. నావైపు తిరిగి, "ఈ పిల్లని నువ్వే పట్టుకోవాలి. ప్రతిసారీ నువ్వే. నువ్వు ఇంక తప్పు చెయ్యలేవు" అంది. అది క్షమించడమో శిక్షించడమో నాకు తెలియలేదు. అడగలేదు. ఎత్తుకున్నాను.

ఎడమకన్ను పూర్తిగా నయం. కుడికంటి చూపు తక్కువే ఉంటుందని ఖాయం చేశారు. ఏడాది నిండకముందే కళ్ళజోడు పెట్టాలట. ఆ కన్ను బద్ధకించకుండా ఆ వైపునుంచి పలకరిస్తూ, బొమ్మలు చూపిస్తూ ఉండాలట.

పూజారిగారు బియ్యంలో పేరు రాయించడానికి పళ్ళెం ముందు పెట్టుకుని, "పెద్ద పాప ఎవరమ్మా? ముందు ఆ పాపను తీసుకురండి" అన్నారు. అందరూ నన్నే చూశారు. రవళి కూడా. శాస్త్రిగారు చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది మంజూ. నీ ఊళ్ళో జనమంతా దానికి సాక్ష్యం ఉన్నారని కూడా తెలుసు.

"పెద్ద ఎవరో నాకు తెలియదండీ. ముందు పుట్టింది ఈ పాప" అన్నాను.

గొంతు కాస్త గట్టిగానే వచ్చింది. మేడ మీది సుష్మిత తలెత్తి చూసింది. చిలకమ్మగారు పక్కున నవ్వి, "అయ్యగారూ, మా ఇంట్ల పెద్దోళ్ళు ఎవ్వరు లేరు, అందరం సిన్నోళ్ళమే. రాయుండ్రి" అన్నారు. ముందు పుట్టిన పాప మధులత. వెనక పుట్టిన పాప హైమవతి. ఇంట్లో ఎవరూ పెద్దది, చిన్నది అని అనకూడదని చింటు కట్టడి చేశాడు. మీ బావగారు మధ్యాహ్నానికే రెండుసార్లు అనేసి నాలిక కరుచుకున్నారు.

ప్రసాదానికి బొబ్బర గుగ్గిళ్ళు చేశాను. ఎందుకని అడిగితే, మా చెల్లెలి పక్కింటావిడ పిల్లల కోసం పంచుతుందని చెప్పాను. పూజారిగారు వింతగా చూసి, రెండోసారి పెట్టించుకున్నారు. ఇయా ఇబేజీకి చెప్పు, ఆవిడ ప్రార్థించిన తైవో ఇక్కడ మధులత అయిందని.

నేను మధులతని పడుకోబెట్టేటప్పుడు తెలియకుండానే దాని ఎడమవైపు కూర్చుంటున్నాను. నన్ను బాగా చూడాలని ఆశ. చిలకమ్మగారు మాత్రం వచ్చిన ప్రతిసారీ చాపను లాక్కుని కుడివైపే కూర్చుంటారు. గాజులు గలగలలాడించి, "ఇటు సూడు బిడ్డా, ఇటు. గీ దిక్కు సుత లోకం ఉన్నది" అంటారు. పాప చాలాసేపు చూడదు. ఆవిడ విసుక్కోరు. నిన్న ఒక్కసారి తల తిప్పింది.

డిసెంబరులో నువ్వొస్తే ఏ వైపు కూర్చుంటావో నీ ఇష్టం. చాప రెండువైపులా పరిచి ఉంటుంది.

అక్క